పదకొండు ఎప్పుడు అంకె? ఎప్పుడు పేరు?

రామగుండం ప్రాంతపు సింగరేణి గనుల్లో జి.డి.కె. 11 అనే పేరు వినే ఉంటారు. జి.డి.కె. అంటే గోదావరిఖని. మరి ఆ 11ని జి.డి.కె. 2లోని 2తో కూడితే 13 వస్తుందా? వచ్చినా ఆ పదమూడుకి అర్థమేమీ ఉండదు. అది లెక్క కాదు, పేరు. షిఫ్టుకి దిగేముందు కార్మికుడు తీసుకునే క్యాప్ లాంపు మీది నంబరూ అంతే.

ఈ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కంప్యూటరుకి మాత్రం చెప్పాలి!

ప్రపంచంలో వేర్వేరు కంప్యూటర్లలో ఉన్న సమాచారాన్ని ఒకదానితో ఒకటి ముడివేసే పద్ధతి ఒకటుంది. దాన్ని లింక్‌డ్ డేటా అంటారు. అందులో ప్రతి విషయమూ మూడు ముక్కల వాక్యమే. "ఈ గని – పేరు – జి.డి.కె. 11" అన్నట్టు. మూడో ముక్క పేరో, అంకెో, తేదీయో అయితే దాన్ని లిటరల్ అంటారు. ప్రతి లిటరల్‌కీ ఓ చీటీ ఉంటుంది: ఇది వట్టి అక్షరాల వరస, ఇది సంఖ్య, ఇది తేదీ అని. ఆ చీటీయే డేటాటైప్.

చీటీ తప్పితే ఏమవుతుంది? బొగ్గు పొరల్లోంచి మీథేన్ వాయువు ఊరుతుంది. గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం దాకా ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. (అంతదాకా ఆగరు లెండి. 1.25 శాతానికి చేరితేనే మనుషుల్ని అక్కడినుంచి తప్పించాలని నిబంధన.) ఇప్పుడు 10 అనే కొలతకీ, 5 అనే హద్దుకీ పొరపాటున "అక్షరాలు" అన్న చీటీ కట్టామనుకోండి. అక్షరాల్ని కంప్యూటరు నిఘంటువులోలాగా మొదటినుంచి పోలుస్తుంది. 1 ముందు, 5 తర్వాత. కాబట్టి పది ఐదుకన్నా చిన్నదని తేల్చేస్తుంది! సంఖ్య అన్న చీటీ ఉంటే ఈ ప్రమాదం లేదు. పైగా 1.25, 1.250 ఒకటేనని కూడా దానికి తెలుస్తుంది. అక్షరాలుగా చూస్తే అవి రెండూ వేరు.

మాటలకు ఇంకో చిక్కు. తెలంగాణలో బాయి అంటే బావి, బొగ్గుగని కూడా. మరాఠీలో బాయి అంటే స్త్రీ. రెంటినీ ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే తేడా ఎలా తెలియాలి? అందుకే మాట పక్కన భాష గుర్తు పెడతారు. తెలుగుకు టి.ఇ., మరాఠీకి ఎం.ఆర్. 2012లో మొదలైన వికీడేటాలో ఒకే ఊరికి ఎన్నో భాషల్లో పేర్లుండేది ఈ గుర్తులతోనే.

ఇక మీథేన్ సంకేతం చూడండి. అందులో 4 కాస్త కిందికి దిగి ఉండాలి. వెబ్ పేజీల్లో దీనికోసం 4కి అటూ ఇటూ కోణపు బ్రాకెట్లలో "సబ్" అనే ఆదేశం రాస్తారు. ఇలాంటి ఆదేశాలు కలిసిన రాతే మార్కప్. దానికి మామూలు అక్షరాల చీటీ కడితే కంప్యూటరు ఆ బ్రాకెట్లనూ "సబ్"నూ కూడా యథాతథంగా అచ్చువేసి మన ముందు పెట్టవచ్చు. హెచ్.టి.ఎం.ఎల్. అన్న చీటీ ఉంటే ఆదేశాన్ని ఆదేశంగానే చదువుతుంది. "సబ్"ను పెద్దక్షరాల్లో రాసినా చిన్నక్షరాల్లో రాసినా ఒకటేనని గ్రహిస్తుంది. ఎక్స్.ఎం.ఎల్. రాతకు ముందునుంచీ ఓ చీటీ ఉంది. హెచ్.టి.ఎం.ఎల్.కి మాత్రం 2014 నాటి నియమాల్లోనే వచ్చింది.

ఒక చిన్న తిరకాసు. మార్కప్ చీటీ కట్టిన రాతకు బయట భాష గుర్తు కట్టడం కుదరదు. అది తెలుగని చెప్పాలంటే ఆ మార్కప్ లోపలే రాయాలి.

సరే, మీకో ప్రశ్న. మీ ఊరి పిన్‌కోడ్‌కి ఏ చీటీ కడతారు? మీ తరగతిలో పిల్లల సంఖ్యకు? మీ హాల్‌టికెట్ నంబరుకు?