ఇంట కెమెరాను భద్రపఱచుట

ఊరగాయ జాడీలో తడిగరిటె పెట్టరాదని మన సోదరీమణులకు ఒకరు చెప్పనక్కఱలేదు. వానలు రాకముందే అప్పడములు, వడియములు ఎండబెట్టి డబ్బాల కెత్తుటయు, పట్టుచీరల మడతలు మార్చి గాలికి వేయుటయు మన యిండ్లలో తరతరములుగా జరుగుచున్న పనులే. ఏ వస్తువునకు బూజు ఎప్పుడు పట్టునో గృహిణి యెఱిగినంతగా మఱియొకరెఱుగరు. అట్టి గృహిణియే వేలకొలది రూపాయల వెలగల కెమెరాను మాత్రము బీరువాలో నొకమూల పెట్టి తాళము వేసి, ఇక దీనికి భయము లేదని నిశ్చింతగా నుండుట మేము పలుచోట్ల చూచితిమి. మా యింట జరిగినదియు నదియే. కావున ఈ మాసమున కెమెరాను, లెన్సు అని వాడుకలో చెప్పబడు దాని కటకములను ఇంటియందు దాచుకొను విధమును గూర్చి ముచ్చటింపదలచితిమి.

మా మామగారికి ఫోటోలు తీయుటయందు మిక్కిలి ప్రీతి. 1978లో వారొక యాషికా కెమెరాను కొనిరి. అది జంట కటకములది. పై కటకము చూచుకొనుటకు, క్రింది కటకము బొమ్మ పట్టుటకు. ఒక చుట్ట ఫిల్ముకు 12 బొమ్మలే వచ్చునుగనుక, పిల్లలను వరుసగా నిలువబెట్టి, కదలవద్దని హెచ్చరించి, చాలసేపు తలవంచి చూచినగాని వారు మీట నొక్కెడివారు కారు. 2009లో వారు కాలధర్మము నొందిరి. మా అత్తగారు ఆ కెమెరాను దాని తోలుసంచిలోనే యుంచి, పట్టుగుడ్డలో చుట్టి, చుట్టును నాఫ్తలీను ఉండలు వేసి, ఇనుపబీరువా అడుగు అరలో భద్రపఱచిరి. ఎవ్వరిని ముట్టనిచ్చెడివారు కారు. మా కాపురము కాకినాడలో. అచ్చటి గాలి సంగతి సముద్రతీరవాసులకు చెప్పనేల? వానకాలమున ఉప్పుజాడీ తానే నీరు కార్చును.

2020లో మనుమరాలు అడుగగా అత్తగారే తాళము తీసి యిచ్చిరి. మూత తీసి కటకమును కిటికీవెలుతురునకు పట్టి చూచితిమి. అద్దమునకు లోపల, ఒకచోటనుండి బయలుదేరి చెట్టువేళ్ళవలె పాకిపోయిన సన్నని తెల్లని పోగులు కనబడెను. "తుడువు, పోతుంది" అనిరి అత్తగారు. తుడుచుటకు అది పైనున్న యెడల గదా! వెలుగును కొలుచుటకై లోపల వేసిన చిన్న గుండ్రని బ్యాటరీ కూడ కాఱి, దాని రేకు పచ్చగా చిలుమెక్కియుండెను. బాగుచేయువాని యొద్దకు కొనిపోగా, అతడు కటకమును విప్పి ముందరి అద్దములను శుభ్రపఱచెను గాని, వెనుకటి అద్దమొకదానిపై పూతను బూజు తినివేసినదనియు, ఆ మచ్చ యిక పోదనియు చెప్పెను. ఆ మాట విని అత్తగారు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అప్పుడే పిల్లల చేతికిచ్చినా బాగుండేది" అని మాత్రమనిరి.

ఆమె చేసిన ప్రతిపనియు ప్రేమతో చేసినదే. ఆ ప్రతిపనియు బూజునకు తోడ్పడినది. ఎట్లనగా, బూజు బీజములు గాలియందంతటను నుండును. ఏ యింటను, ఏ పెట్టెయందును అవి లేకుండ జేయుట సాధ్యము కాదు. అవి మొలకెత్తుటకు మూడు నాలుగు అనుకూలములు కావలెను. గాలిలో తేమ నూటికి 70 పాళ్ళు మించి కొన్నిదినములు నిలిచియుండుట యొకటి. చీకటి, కదలని గాలి మఱి రెండు. తినుటకు కొంచెము ఆహారము నాలుగవది. వ్రేలిముద్రలోని జిడ్డు, దుమ్ము, నూలుపోగు, కటకపు మరలకు రాచిన నూనె, ఇవి చాలును. మన దేశపు వేడిమి దానికి ఎల్లప్పుడు సరిపడునదే. తోలుసంచి తేమను పీల్చుకొని వదలదు. పట్టుగుడ్డ గాలి నాపును. బీరువా చీకటి నిచ్చును. నాఫ్తలీను చీరలను పురుగులనుండి కాపాడునుగాని తేమను తీయజాలదు. పైగా దాని ఆవిరి అద్దములపై పేరుకొనవచ్చును, కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబఱచును. కెమెరా యున్న అరలో దానిని వేయకుండుటయే మేలు.

బూజు కేవలము అద్దముపై కూర్చుండిపోవునదే యైనచో చింత లేదు. అది పెరుగుచు ఆమ్లములను స్రవించును. అవి మొదట అద్దముపైనుండు పలుచని పూతను, పిమ్మట అద్దమును కొఱుకును. తొలిదశలో కనుగొనిన విప్పించి తుడిపింపవచ్చును. ఆలస్యమైన, బూజు పోయినను దాని అడుగుజాడ మిగులును. అందుచేత దాచిన కటకమును అప్పుడప్పుడు తీసి, వెనుకనుండి చిన్న టార్చిదీపము వేసి చూచుట ముఖ్యము.

ఇక చేయవలసినది చెప్పెదము. గాలిలోని తేమను నూటికి 40 మొదలు 50 పాళ్ళ మధ్య నుంచవలెను. ఇదియే అసలు సంగతి. తక్కినవన్నియు దీనికి ఉపాంగములు. 30కి దిగువకు పోనిచ్చుటయు మంచిది కాదు. తోలు, రబ్బరు, నూనెలు ఎండి చెడును.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కఱలేదు. వంటయింటి సామాను అమ్ముచోట, మూతచుట్టు రబ్బరుపట్టీ గలిగి నాలుగువైపుల బిగించు ప్లాస్టిక్కు పెట్టెలు దొఱకును. ఒక కెమెరా, రెండు కటకములు పట్టునంతటిది చాలును. అందులో సిలికా జెల్ గుళికలు చిన్నగుడ్డసంచిలో కట్టి వేయవలెను. చెప్పులపెట్టెలలో వచ్చు చిన్నపొట్లములను చాలమంది యేర్చి దాచుదురు. అవి మన చేతికి వచ్చునప్పటికే కడుపునిండ నీరు త్రాగియుండును. వానివలన తృప్తియే గాని ఫలము లేదు. రంగుమాఱు గుళికలను కొనుట తెలివి. నీలపుగుళికలు తేమ పీల్చి గులాబిరంగునకు తిరుగును. ఆ నీలిమకు కారణమగు కోబాల్టు క్లోరైడు ఆరోగ్యమునకు హానికరము. చంటిపిల్లలున్న యిండ్లలో నారింజరంగు గుళికలే మేలు. రంగు మాఱినపుడు వానిని 120 డిగ్రీల వేడిగల ఓవెనులో రెండుమూడు గంటలుంచిన మరల పనికివచ్చును. ఇందుకు వంటకు వాడు పళ్ళెమును మాత్రము వాడరాదు.

గుళికలకు బదులు బియ్యము పోయుట యొక అలవాటు ప్రబలినది. బియ్యము తేమను పీల్చుట స్వల్పము. దాని తవుడు కటకపు సందులలో దూఱును. ముక్కపురుగు సంగతి సోదరీమణులకు తెలిసినదే. ఈ సలహాను ఎవరిచ్చినను వినవద్దని మా మనవి.

పెట్టెలో తేమ యెంతయున్నదో కంటితో తెలియదు గనుక, చిన్న తేమకొలత యొకటి వేయవలెను. గడియారమువంటి ఈ పరికరము కొలది వెలకే దొఱకును. చవుకదానికి అబద్ధమాడు గుణము కలదు. దానిని పరీక్షించుటకు వంటయింటనే ఉపాయమున్నది. ఒక సీసామూతలో ఉప్పుపోసి, కరిగిపోకుండ ముద్దయగునంత మాత్రమే నీటిచుక్కలు వేసి, తేమకొలతతోపాటు గట్టిమూత డబ్బాలో ఒక రాత్రియంతయు నుంచవలెను. తెల్లవారునప్పటికి అది 75 చూపవలెను. తడియుప్పు మీది గాలిలో తేమ ఎల్లప్పుడు ఇంచుమించుగా అంతే యుండును. 70 చూపెనేని మీ పరికరము 5 తక్కువ చెప్పునదని గుర్తుంచుకొని చదువుకొనవచ్చును. మేమీ పరీక్ష చేయగా మాది 4 ఎక్కువ చెప్పునదని తేలినది.

కెమెరాలు, కటకములు అధికముగా నున్నవారు తేమ తీయు విద్యుత్తు అలమారలను కొనుచున్నారు. అవి వాడు విద్యుత్తు చిన్నదీపమునకు కావలసినంతయే. కరెంటు పోయినను తలుపు తెఱవకున్న కొన్నిగంటలవఱకు భయము లేదు. తీరప్రాంతములయందు పెండ్లిఫోటోలు తీసి జీవించు కుటుంబములకు ఇది విలాసవస్తువు కాదని మా యభిప్రాయము. అనంతపురమువంటి పొడిసీమలలో మాత్రము అంత యవసరము కనబడదు. అచ్చట దుమ్మే శత్రువు. హైదరాబాదువారు వానకాలపు నెలలలో జాగ్రత్తపడిన చాలును.

పెట్టెను ఎచ్చట నుంచవలెను? వంటయింటికి దగ్గఱ వద్దు, పోపుపొగలోని నూనె గాజుపై చేరును. పూజగదియందు వద్దు, సాంబ్రాణి, కర్పూరముల మసి చేరును. స్నానపుగదిని ఆనుకొనిన గోడకు, నేలకు దూరముగ, పడకగది బీరువా పై అరలో నుంచుట యుక్తము. లోపల స్పంజి పఱచిన పాత సంచులను ఒకసారి వ్రేలితో నొక్కి చూడుడు. ఏండ్లు గడచిన స్పంజి జిగురుగా మాఱి పొడియై రాలును, అట్టిదానిని పాఱవేయుడు.

బూజునకు ఎండ విరుగుడని పెద్దలనుట నిజమే. కాని కటకమును ఎండలో పెట్టుటయందు అపాయమున్నది. అది భూతద్దమే గదా. సూర్యునికెదురుగా మూతలేక పడియున్న కటకము ప్రక్కనున్న గుడ్డను కాల్చగలదు; కెమెరాకు తగిలించియున్న యెడల లోపలి గుడ్డతెరకు చిల్లి పొడువగలదు. నీడపట్టున, గాలియాడుచోట ఒక గంటసేపు తెఱచియుంచుట చాలును.

చల్లని యంత్రము గల గదినుండి కెమెరాను ఒక్కసారిగ బయటి ఉక్కకు తెచ్చిన, చల్లనీళ్ళ చెంబునకువలె దానికిని చెమట పట్టును. సంచి మూసియే బయటకు తెచ్చి, అరగంట మొదలు గంటసేపు అట్లేయుంచి తెఱవవలెను.

తుడుచుటకు పైటచెఱగు పనికిరాదు. చెఱగులోని దుమ్ము, జరీ అద్దమును గీయును. నోటితో ఊదుటయు వద్దు, తుంపరలు పడును. మొదట రబ్బరు ఉండతో గాలి కొట్టి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, జిడ్డు మిగిలిననే తుడుపుగుడ్డపై ఒకచుక్క ద్రవము వేసి నడుమనుండి అంచునకు గుండ్రముగ త్రిప్పుచు తుడువవలెను. అవసరము లేనిదే తుడువకుండుట అన్నిటికంటె మంచిది.

నెలలతరబడి వాడనప్పుడు బ్యాటరీలను తీసివేయవలెను. దీపములలో వేయు మామూలు బ్యాటరీలు కాఱి మా మామగారి కెమెరాకు జరిగిన గతియే తెచ్చును. తిరిగి నింపుకొను లిథియం బ్యాటరీలను సగము నింపి యుంచి, మూడునెలల కొకసారి చూచుకొనవలెను. పాతకాలపు మరకెమెరాలలో తెరను బిగించి దాచరాదు. నెలకొకమాఱు ఊరకనైనను మీట నొక్కుచుండవలెను. వాడక మూలబడియున్న మరలో నూనె గట్టిపడును. మఱియొక మాట. పాత నెగటివులపైనుండు పూత జంతుసంబంధమగు జిగురుతో చేసినది. అది బూజునకు విందు. ఇంట తాతల, అమ్మమ్మల నెగటివులున్న, కాగితపు కవరులలో పెట్టి వానికిని ఇట్టిదే వేఱొక పెట్టె నేర్పఱచుడు. కెమెరా పోయిన మఱియొకటి కొనవచ్చును.

మా యాషికా ఇప్పుడు భోజనశాల ప్రక్కగదిలో, లోపలిది కనబడు పెట్టెలో నున్నది. ఉదయము కాఫీ త్రాగి దాని ముల్లు చూచి "నలభై ఆరు" అని చెప్పుట అత్తగారికి అలవాటైనది. నాలుగు తీసివేయవలెనని ఆమెకు ఎన్నిమాఱులు చెప్పినను వినరు. ఆదివారములందు మనుమరాలు ఫిల్ము వేసి తీయుచుండును. కడపటి చుట్టలో 12 బొమ్మలకు 9 చక్కగా వచ్చినవి. కిటికీకెదురుగా తీసిన మూడింటిలో మాత్రము నడుమ పొగమంచు కమ్మినట్లుండెను. వానిలో ఒకటి అత్తగారిది. దానినే ఆమె పటము కట్టించుకొనిరి.