నందనారు కథయు, నీతికథల చాటున దాగు దురభిప్రాయములును

తమిళనాట తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి నందనారు కథ పరాయిది కాదు. చిదంబరము పోయివచ్చిన పెద్దలు పిల్లలను కూర్చుండబెట్టుకొని చెప్పుకథలలో అది మొదటిది. అస్పృశ్యతను ఖండించుటకు దీనికి మించిన కథ లేదని మనవారి విశ్వాసము. నేనును అట్లే తలచి తరగతిలో పలుమారులు చెప్పితిని. తాను ఖండింపబూనిన దురభిప్రాయమునే ఈ కథ పెరటిదారిని లోనికి తెచ్చుచున్నదేమోయను సందేహము ఒక బాలుని ప్రశ్నవలన కలిగినది. ఆ ప్రశ్న చెప్పుటకు ముందు కథ పెరిగిన తీరు చూడవలెను.

సుందరమూర్తి నాయనారు శివభక్తులను వరుసగా స్తుతించినచోట ‘తిరునాళైప్పోవారు’ అను పేరు మాత్రమే కలదు. చిదంబరమునకు ‘రేపు పోయెదను’ అనుచు దినములు గడపినవాడని యర్థము. 12వ శతాబ్దిలో శేక్కిళారు పెరియపురాణమున దీనిని కథగా విస్తరించెను. ఆదనూరి పులైయవాడలో పుట్టిన ఆ భక్తుడు దేవాలయ వాద్యములకు తోళ్లును, వీణలకు తంత్రులును సమకూర్చుచుండెను. తిరుప్పుంగూరున అతడు వెలుపలనుండియే స్వామిని చూడగోరగా నంది పక్కకు జరిగెను. చిదంబరమున మాత్రము స్వామి కలలో కనబడి, అగ్నిలో మునిగి రమ్మనెను. తిల్లై బ్రాహ్మణులకును కలలో ఆజ్ఞ యిచ్చెను. వారు సిద్ధపరచిన గుండమున నందనారు ప్రవేశించి, జడలతో, యజ్ఞోపవీతముతో మునిరూపమున వెలువడి, సన్నిధికేగి అదృశ్యుడయ్యెను.

ద్వారము తెరచుకొన్నది నిజమే. కాని యెవరికి? పుట్టుక కాలిపోగా మిగిలిన మునికి. పులైయనికి ద్వారము మూసినది మూసినట్లే యున్నది. కాశిలో శంకరాచార్యుల కెదురైన చండాలుని కథయు ఇట్టిదే. తొలగవలసినది దేహమా, ఆత్మయాయని అతడడిగిన ప్రశ్నకు జవాబు లేదు. అంత గొప్ప ప్రశ్న వేయించిన కథ తుదకు వెనుకంజ వేసినది: అతడు విశ్వేశ్వరుడే, వెంటనున్న నాలుగు కుక్కలును నాలుగు వేదములే! అతడు నిజముగా చండాలుడే యైనచో ఏమి జరిగియుండునో కథ చెప్పదు.

19వ శతాబ్దిలో గోపాలకృష్ణ భారతి నందనారు చరిత్రను కీర్తనలుగా రచించెను. ఆయన స్వయముగా బ్రాహ్మణుడు. నందనారిని చిదంబరమునకు పోనీయక పీడించు బ్రాహ్మణ భూస్వామి శేక్కిళారు కథలో లేడు, ఈయన కల్పించినవాడే. 40 ‘వేలి’ల పొలము (వేలి తమిళుల భూమానము) పంట ముగించి పొమ్మని ఆ భూస్వామి ఆజ్ఞాపింపగా, శివుని భూతగణములు ఒక్క రాత్రిలో ఆ పని ముగించును. మూలకథనుండి తొలగినదని మహావిద్వాంసుడు మీనాక్షిసుందరం పిళ్లై దీనికి ప్రశంసాపద్యమిచ్చుటకు మొదట వెనుదీసిన సంగతి తమిళ సాహిత్యచరిత్రలో ప్రసిద్ధము.

ఆ భూస్వామికి సొంత పేరు లేదు. ‘వేదియర్’, అనగా బ్రాహ్మణుడు, అనునదే అతని పేరు. ఒకని క్రౌర్యము పేరుతోడనే కులమంతటికి అంటినది. ఇక రెండవ వైపు చూడుడు. నందనారి వాడలోని పెద్దలు అతనిని మందలించి, చిదంబరమేల, మన గ్రామదేవతలు చాలరాయని బలులకు పిలుతురు. వారిని మూఢులుగా చూపినకొలది నందనారు వెలుగును. కథ వినినవాడు ఒక్కనికి మ్రొక్కి, వాని వాడనంతటిని ఏవగించుకొనును. 1942లో వచ్చిన జెమినీవారి ‘నందనార్’ చిత్రము ఈ రూపమునే ఇంటింటికి చేర్చినది. చూచినవారు వేదియరుపై పండ్లు కొరికిరి. తమ పెరటిలో పాకీపనివానికి ఎత్తి పోయు నీళ్లు ఎందరికి జ్ఞప్తికి వచ్చినవో!

దుష్టుడు వేరొక కులమున నున్నాడను నిశ్చింత ఎంత ప్రమాదమో ఆ తంజావూరు సీమయే చూపినది. 1968 డిసెంబరు 25న కీళ్‌వెణ్మణిలో 44 మంది దళిత వ్యవసాయకూలీలు, వారిలో స్త్రీలు, పసిపిల్లలు, ఒక గుడిసెలో సజీవదహనమైరి. ఆ అగ్నినుండి మునిరూపమున ఎవరును వెలువడలేదు. ప్రధాన నిందితుడైన భూస్వామి వేదియరు కాడు. అతని పేరు చివర మన ‘నాయుడు’ కలదు. హైకోర్టు తరువాత అతనిని నిర్దోషిగా విడిచినది. ఆ పేరునుబట్టి నాయుళ్లందరిని వ్రేలెత్తి చూపినచో నేనును కీర్తనకారుని తప్పే చేసినవాడనగుదును.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్న. తమిళనాట అరుంధతీయులలో చాలమందికి ఇంటి భాష తెలుగే. మా తరగతిలోని ఆ బాలుడు అట్టి ఇంటివాడు. తండ్రి పురపాలక సంఘములో పారిశుధ్యపు పని చేయును. నేను అగ్నిప్రవేశఘట్టమును భక్తితో వర్ణించి ముగింపగా వాడు లేచి, ‘‘అయ్యా, మా నాయన కూడా నిప్పులో దూకితేనే లోపలికి రానిస్తారా?’’ అని యడిగెను. ఎవరును నవ్వలేదు. కాని తరగతియంతయు ఒక్కసారి వాని వైపు తిరిగెను. అంతకుముందు వాని తండ్రి పనినిగూర్చి ఆ పిల్లలలో ఎవరును తలచి యుండలేదు. నేర్పినవాడను నేనే. మరునాడు వాడు వెనుక బల్లకు మారి కూర్చుండెను.

అప్పటినుండి నందనారు కథకు ముందు మదుర సంగతి చెప్పుచున్నాను. 1939 జులై 8న వైద్యనాథయ్యరు కొందరు హరిజనులను, ఒక నాడారును వెంటబెట్టుకొని మీనాక్షి ఆలయమున ప్రవేశించెను. ఆయన బ్రాహ్మణుడు. ఆలయ కార్యనిర్వాహకాధికారి ఆర్. ఎస్. నాయుడు వారిని ఆహ్వానించెను. ప్రవేశించినవారిలో ఒకరైన కక్కన్ తరువాత రాష్ట్రమంత్రి యయ్యెను. ఆనాడు ఎవరును నిప్పులో దిగలేదు, ఎవరికిని యజ్ఞోపవీతము మొలవలేదు. వెళ్లినవారు వెళ్లినట్లే తిరిగివచ్చిరి. ఈ మాట చెప్పుచు నేను ఆ వెనుక బల్ల వైపు చూడకుండుటకు ప్రయత్నింతును.