రాణిచీమను గుర్తించుట

తొలకరి వాన వెలసిన సాయంకాలములందు దీపము చుట్టు మూగు రెక్కల పురుగులను బాలురు సీసాలలో పట్టి తెచ్చి, రాణిచీమ దొరికినదని మాకు చూపుట కలదు. వానిలో పెక్కులు చీమలే కావు. చెదల జాతికి చెందిన ఉసిళ్లు. ఉసిళ్లకు సన్నని నడుము లేదు. నాలుగు రెక్కలును ఒకే పొడవు. మీసములు పూసల పేరువలె తిన్నగా నుండును. చీమ మీసములు మోచేతివలె వంగియుండును. ముందురెక్కలు వెనుకవానికంటె పొడవు.

చీమయే యని తేలిన పిదప రాణి యగునో కాదో చూడవలెను. సంగమానంతరము రాణి తన రెక్కలను తానే రాల్చివేయును గనుక, రెక్కలు లేనంతమాత్రమున పనిచీమ యని త్రోసివేయరాదు. రొమ్ము ఉబ్బి, దానిపై రెక్కలూడిన మచ్చలు కన్పట్టినచో రాణియే.

ఇక జాతి. దీనికి భూతద్దము కావలెను. రంగును బట్టి నిర్ణయించుట మాకు సమ్మతము కాదు. మామిడికొమ్మలపై ఆకులు కుట్టు చీమ ఎఱ్ఱనిది, దాని రాణియో ఆకుపచ్చనిది! రొమ్మునకును కడుపునకును నడుమ కణుపు ఒకటియా, రెండా యని ముందు లెక్కింపవలెను. ఒకే కణుపుండి, కొండి లేక, కడుపు కొనయందు చుట్టును వెండ్రుకలు గల గుండ్రని రంధ్రమున్నచో అది ఫార్మిసీనే వర్గము. అందు నల్లనిదై, 15 మిల్లీమీటరులకు మించి యున్నది మన గండుచీమ రాణి కావచ్చును. 1787లో ఫెబ్రీషియస్ పండితుడు వర్ణించిన కాంపొనోటస్ కంప్రెసస్ ఇదియే. ఒక కణుపుతోబాటు కొండియు నున్నచో వేటచీమల వర్గమును తలంపవలెను. నెల్లూరిలో వైద్యాధికారిగా నుండిన జెర్డన్ దొర 1851లో దక్షిణ హిందూదేశపు చీమల పట్టికను ప్రకటించి, అందు గంతులు వేయు చీమ యొకదానిని వర్ణించెను. అది ఈ వర్గములోనిదే. ఈ వర్గమందే డయకమ్మ యను చీమలకు రాణియే లేదు. పనిచీమలలో నొకటి గ్రుడ్లు పెట్టును.

ఇది వట్టి పేరు కొఱకైన శ్రమ కాదు. గండుచీమ రాణి తొలి పనిచీమలు పుట్టువఱకు ఆహారము ముట్టదు. పనిలేని రెక్కల కండరములు కరగి పిల్లలకు మేత యగును. దానికి తడిదూదియు చీకటియు చాలును. మాటిమాటికి కదల్చినచో తన గ్రుడ్లను తానే తినివేయుటయు కలదు. గంతుచీమ రాణి యన్ననో వేటాడి తిని పిల్లలను పెంచునది. దానినట్లే మూసియుంచినచో ఆకలిచే చచ్చును. కావున పట్టిన చోటు, తేది, వేళ, వాన కురిసినది లేనిది వెంటనే వ్రాసికొనుడు. రెండు దినములలో జాతి తేలనిచో, సంధ్యవేళ, దొరికిన చోటనే, తడినేలపై దానిని విడిచిపెట్టుడు.