పోయినేడాది పుస్తకం పనికొస్తుందా?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఎప్పుడైనా వెళ్లారా? లోపల బీరువాల నిండా పుస్తకాలున్నా, అక్కడ చదువుకునే కుర్రాళ్లలో చాలామంది చేతుల్లో ఉండేవి సొంతంగా తెచ్చుకున్నవే. ఒకరు గ్రూప్స్‌కి, ఇంకొకరు ఎస్సై పోస్టుకి. రాంనగర్‌లో రూము, అశోక్‌నగర్‌లో కోచింగ్, మధ్యలో లైబ్రరీ... రోజంతా ఈ మూడింటి మధ్యే గడిచిపోతుంది. పుస్తకం కొనేముందు వాళ్లడిగే మొదటి ప్రశ్న రచయిత ఎవరని కాదు, 'లేటెస్ట్ ఎడిషనేనా అన్నా?' అని!

అడగాల్సిందే మరి. సగం ధరకు వచ్చిందని 2015 నాటి జనరల్ స్టడీస్ పుస్తకం తెచ్చుకున్నారనుకోండి. అందులో తెలంగాణకు ఉన్నవి పది జిల్లాలే. 2016 అక్టోబరులో అవి 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33కు చేరాయి. 2017 జులైలో వచ్చిన జీఎస్టీ అమలు సంగతులేవీ అందులో ఉండవు. హత్యకు శిక్ష అంటే 302వ సెక్షన్ అని కంఠతా పట్టినవాళ్లు, 2024 జులై 1న భారతీయ న్యాయసంహిత అమల్లోకి వచ్చాక 103 అని మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక్క మార్కుతో ఉద్యోగం చేజారే చోట, ఊరి నుంచి నాన్న పంపిన డబ్బుల్లో మిగిల్చిన రెండొందలు పాత పుస్తకం మీద పెట్టడం ఆదా కాదు, జూదం.

ఈ బెంగ ఉద్యోగార్థులదే అనుకోకండి. శాస్త్రవేత్తల పరిశోధన పత్రాలకూ వయసు మళ్లుతుంది. 1960లో బర్టన్, కెబ్లర్ అనే ఇద్దరు దీన్ని లెక్కగట్టారు. రేడియోధార్మిక పదార్థాల విషయంలో చెప్పే 'హాఫ్ లైఫ్' అన్న మాటను పుస్తకాలకు వాడారు. ఒక శాస్త్రంలో ఇప్పుడు వాడుకలో ఉన్న రచనల్లో సగం, గడిచిన ఎన్నేళ్లలో అచ్చయ్యాయో అదే దాని అర్ధాయుష్షు. వాళ్ల లెక్కలో భౌతికశాస్త్రానికి అది 4.6 ఏళ్లు, రసాయనశాస్త్రానికి 8.1, గణితానికి 10.5, భూగర్భశాస్త్రానికి 11.8. రాళ్ల సంగతి కదా, తొందరేముంటుంది!

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఇది వాడకం లెక్కే తప్ప నిజానిజాల లెక్క కాదు. ఒక పత్రాన్ని జనం చదవడం మానేశారంటే అది తప్పని తేలి ఉండొచ్చు, అంతకంటే మంచిది వచ్చి ఉండొచ్చు. లేదా అందులోని విషయం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి, అసలు పత్రాన్ని వెతికే పనే లేకుండా పోయి ఉండొచ్చు. ఇక కొన్నింటికి ఈ లెక్కే వర్తించదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ప్రయోగశాలలు ఆ పద్ధతిని వాడుతూనే వచ్చాయి.

రాంనగర్‌కు దగ్గర్లోనే మరో ఉదాహరణ ఉంది. అబ్దుస్ సమద్ ఖాన్ అనే పుస్తకప్రియుడు పోగుచేసిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరాయి. 2000 ఆగస్టులో నగరాన్ని ముంచిన వరద ఆ భవనంలోకీ వచ్చింది. నానిపోయిన వాటిని కాపాడుకునే పనిలో ఇక్కడివాళ్లకు అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం తోడు నిలిచింది. అందులోని పత్రికలూ ఒకప్పుడు తాజా సంచికలేగా! తరువాతి నెల రాగానే పాతబడ్డవేగా! కాలం తీరిన కొన్నాళ్లకు అవే చరిత్రకు ఆధారాలయ్యాయి. పది జిల్లాలున్న ఆ 2015 పుస్తకం కోసం కూడా ఏ యాభై ఏళ్ల తర్వాతో ఎవరైనా వెతుక్కుంటూ రావచ్చు.

కానీ అశోక్‌నగర్ కుర్రాడికి అంత తీరిక ఎక్కడిది? అతనికి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఒకే పుస్తకంలో అన్ని పేజీలూ ఒకేసారి ముసలివి కావు. అంకగణితం, రీజనింగ్, శాతవాహనులు, నదుల పుట్టుక... ఇవి పాత ఎడిషన్‌లో చదివినా పెద్ద నష్టం లేదు. పాలిటీ, ఎకానమీ, పథకాలు మాత్రం కొత్తవే కొనాలి. కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కనిపిస్తే ధర అడిగేముందు జిల్లాల పేజీ తిప్పి చూడండి. పదా, 31యా, 33యా చూసుకున్నాకే బేరం!