బండికి తగ్గ నాగలేనా? చూసి దున్నించండి

వేసవి దుక్కికి ట్రాక్టర్ మాట్లాడుకునేటప్పుడు వెనకున్న నాగలిని కూడా ఒకసారి చూడండి. 35 నుంచి 45 హార్స్ పవర్ బండికి సాధారణంగా రెండు రెక్కల నాగలి సరిపోతుంది. కల్టివేటరైతే 9 పళ్లది గుంజుతుంది. పని జల్ది అవుతుందని మూడు రెక్కలది తగిలిస్తే టైర్లు జారుతాయి, దుక్కి పైపైన పోతుంది. గంట లెక్కన కిరాయి కట్టేది మీరే కదా!

సిద్దిపేట చుట్టుపక్కల చెల్కలో సాఫీగా నడిచిన నాగలి, నల్లరేగడికి వచ్చేసరికి అదే లోతులో మొరాయిస్తుంది. రేగడిలో గుంజుడు బరువు ఎక్కువ.

అనుమానముంటే చేన్లోనే తేల్చుకోవచ్చు. వెనక టైరుకు సుద్దతో గీత పెట్టండి. నాగలి పైకెత్తి, టైరు 10 చుట్లు తిరిగితే బండి ఎంత దూరం పోయిందో కొలవండి. తర్వాత దున్నుతూ మళ్లీ 10 చుట్లు. మొదట 40 మీటర్లు వచ్చి, దున్నేటప్పుడు 34 కంటే తగ్గితే జారుడు 15 శాతం దాటినట్టే. లోతు కొంచెం తగ్గించి చూడండి, కాకుంటే చిన్న నాగలి తెమ్మనండి. వాన పడ్డ మర్నాడు మాత్రం ఈ లెక్క కుదరదు.

ముందు టైర్లు లేస్తుంటే ఇక కొలిచేదేమీ లేదు. వెంటనే ఆపించండి, డ్రైవర్ ప్రాణానికే ముప్పు.