ఇప్పుడు ఏం వింటున్నారు? ‘సూపర్’ అని ఆగిపోతే సగమే చెప్పినట్టు

రంజాన్ వచ్చినా, మిలాదున్నబీ వచ్చినా, దగ్గర్లో ఏదైనా దర్గాలో ఉరుసు జరిగినా ఫోన్ స్టేటస్‌లు పాటలతో నిండిపోతాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మన ఇళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే సందడి. ఒకరు నాత్ పెడతారు, ఇంకొకరు ఖవ్వాలీ పెడతారు, కాలేజీ పిల్లలు ఇంగ్లిష్ నషీద్ పెడతారు. కింద జవాబులు మాత్రం ఎక్కువగా మూడే: ‘మాషా అల్లాహ్’, ‘సూపర్’, లేదంటే ‘ఇది హరాం’. మాట అక్కడితో అయిపోతుంది. అందులో ఏం బాగుంది, ఆ మాటలకు అర్థం ఏంటి, ఎవరు రాశారు అని అడిగేవాళ్లు తక్కువ.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మన ఇళ్ల వరకు కాదు. ఇంట్లో దక్కనీ మాట్లాడి, బడిలో తెలుగో ఇంగ్లిషో చదివిన పిల్లలకు ఉర్దూ వింటే కొంత తెలుస్తుంది, చదవడం రాదు. దూదేకుల కుటుంబాల్లో ఇంటి భాషే తెలుగు. నాత్‌లో, ఖవ్వాలీలో వచ్చే ఉర్దూ, ఫార్సీ మాటలు తెలిసినవాళ్లు దాదీ, నానా తరంలోనే ఎక్కువ. పిల్లలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక మూల, పెద్దవాళ్లు పాత పాటలతో ఇంకో మూల ఉండిపోతే ఆ మాటల అర్థం ఆ తరంతోనే పోతుంది. ‘ఇప్పుడు ఏం వింటున్నావు, అందులో నీకు ఏం నచ్చింది’ అనే ప్రశ్న ఈ రెండు మూలలనూ కలిపే సులువైన దారి.

మదనపల్లెలో ఒకసారి జరిగిందే

భాష తెలియని పాటను కలిసి విని, అర్థం కూడా తెలుసుకుంటే ఏమవుతుందో మదనపల్లెకు బాగా తెలుసు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆయనకు ఆతిథ్యం ఇచ్చారు. అక్కడ ఠాగూర్ ‘జన గణ మన’ పాడారు. అది బెంగాలీ పాట, విన్న విద్యార్థుల్లో ఎక్కువమందికి ఆ భాష రాదు. అయినా గొంతు కలిపారు. ఫిబ్రవరి 28న ఠాగూర్ ఆ పాటకు ఇంగ్లిష్ అనువాదం రాసి ఇచ్చారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం తెలిసిన మనిషి. ఆమె ఠాగూర్‌తో మాట్లాడి బాణీకి స్వరలిపి రాశారు. 1950 జనవరి 24న ఆ పాట దేశానికి జాతీయ గీతం అయింది. వినడంతో ఆగకుండా అర్థాన్నీ, బాణీనీ కాగితం మీద పెట్టుకోవడం వల్ల మిగిలిన ఆస్తి అది.

ఆల్బమ్‌లో వరుసకు అర్థం ఉంది

ఇప్పుడు ఎక్కువగా వింటున్నది ముక్కలు. ముప్పై సెకన్ల రీల్, ఒక నిమిషం స్టేటస్. సినిమా పాటకు ఇది సరిపోతుందేమో కానీ ఖవ్వాలీకి సరిపోదు. సంప్రదాయ మెహ్‌ఫిల్‌లో ఒక వరుస ఉంటుంది. ముందు అల్లాహ్‌ను స్తుతించే హమ్ద్, తర్వాత ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం గారిని కీర్తించే నాత్, ఆ తర్వాత హజ్రత్ అలీనో వలీలనో తలచుకునే మన్‌ఖబత్. పాట కూడా మెల్లగా మొదలై, ఒక మాటనే పదిసార్లు తిప్పుతూ వేడెక్కుతుంది. మధ్యలోంచి ఒక ముక్క తీసి వింటే అరుపులాగే ఉంటుంది. మొదటి నుంచి వింటేనే అక్కడిదాకా ఎలా వచ్చారో తెలుస్తుంది. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు అరగంట పట్టేది, కాబట్టి ఒకటో రెండో ఖవ్వాలీలతో ఒక వైపు అయిపోయేది. పెద్దవాళ్లు పూర్తిగా వినడానికి ఓపిక ఒక్కటే కారణం కాదు, క్యాసెట్‌లో ముందుకు దాటేయడమే కష్టం.

కాబట్టి అభిప్రాయం చెప్పే ముందు ఆల్బమ్‌ను ఒక్కసారైనా వరుసగా వినాలి.

అభిప్రాయంలో ఏముండాలి?

మొదటిది, ఏది విన్నారో సరిగ్గా చెప్పడం. ‘తాజ్‌దారే హరం బాగుంది’ అంటే ఎవరిది? సాబ్రీ సోదరులదా, 2015లో కోక్ స్టూడియోలో ఆతిఫ్ అస్లం పాడిందా? రెండూ వేరు. సాబ్రీల దాంట్లో పార్టీ మొత్తం చప్పట్లతో అందుకుంటుంది, ఒకరు వదిలితే ఇంకొకరు పట్టుకుంటారు. ఆతిఫ్ దాంట్లో ఒక్క గొంతే ముందుంటుంది, వెనక గిటార్లు, డ్రమ్స్. ‘ఆతిఫ్ గొంతు మెత్తగా ఉంది, కానీ పార్టీ అందుకునే వేడి సాబ్రీలదే’ అని చెబితే వినేవాడికి రెండూ వినాలనిపిస్తుంది.

రెండోది, ఎక్కడ నచ్చింది, ఎక్కడ నచ్చలేదు అన్నది చెప్పడం. నుస్రత్ ఫతే అలీ ఖాన్‌వి రెండు ఆల్బమ్‌లు పక్కపక్కన పెట్టి వినండి. 1989లో వచ్చిన ‘షాహెన్‌షా’లో హార్మోనియం, తబలా, చప్పట్లు, పార్టీ, అంతా సంప్రదాయం. 1990లో వచ్చిన ‘మస్త్ మస్త్’లో కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్ గిటార్లు, కీబోర్డులు కలిపాడు. ఎడిటింగ్‌లో కొన్నిచోట్ల మాటలు సగంలో తెగి అర్థం పోయిన సంగతి బ్రూకే చెప్పాడు. దాని మీద ఖాన్ సాహెబ్ వాళ్లతో సర్దుబాటు చేసుకోవాల్సి వచ్చింది. ఉర్దూ, పంజాబీ తెలియని వాడికి అది రాగమే, తెలిసినవాడికి తెగిన మాట. ‘ట్యూన్ నచ్చింది, మాట తెగిన చోట నచ్చలేదు’ అని రెండూ చెప్పడమే నిజమైన అభిప్రాయం.

మూడోది, అర్థం. రాక్‌స్టార్ సినిమా ఆల్బమ్ 2011లో వచ్చింది. అందులో ‘కున్ ఫాయా కున్’ ఇప్పటికీ పిల్లల ఫోన్లలో ఉంది. ఆ మాట సూరా యాసీన్ 82వ ఆయత్‌లోనిదని ఎంతమందికి తెలుసు? అల్లాహ్ ఏదైనా తలచుకుంటే ‘అయిపో’ అంటాడు, అది అయిపోతుంది, ఇదీ భావం. పిల్లవాడు పాట పంపితే దాదీ ఈ ఒక్క మాట వాయిస్ మెసేజ్‌లో చెబితే చాలు, ఆ పాట వాడికి ఇంకోలా వినిపిస్తుంది. అమీర్ ఖుస్రో రాతల్లో ఫార్సీ, హిందవీ పక్కపక్కనే వస్తాయి, అక్కడ పెద్దవాళ్లు లేకుండా పని జరగదు.

భాష అంటే ఉర్దూ ఒక్కటే అనుకోవద్దు. తమిళనాడు, కర్ణాటక రెండూ ఆనుకుని ఉన్న కుప్పంలో తమిళం అర్థమయ్యేవాళ్లకు కొదవ లేదు. నాగూర్ ఇ.ఎం. హనీఫా తమిళంలో పాడిన ఇస్లామీ పాటలు అక్కడివాళ్లకు దగ్గరి ఆస్తి. 2015లో ఆయన చనిపోయారు, ఆ నిండు గొంతు మాత్రం రికార్డుల్లో ఉంది. కుప్పంలోని చుట్టాలు ఆ పాటకు తెలుగులో రెండు ముక్కలు రాసి పుంగనూరు, మదనపల్లె వాళ్లకు పంపితే అదే పెద్ద సాయం.

మాటలే లేని సంగీతం మీద కూడా అభిప్రాయం ఉండొచ్చు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంలో దేశమంతా పేరు తెచ్చుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. వీళ్లు వాయించిన త్యాగరాజ కృతులు వింటే తెలుగు ముస్లింల సంగీతం ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

హరాం అన్న మాట వచ్చినప్పుడు

గ్రూపులో గొడవ మొదలయ్యేది ఇక్కడే. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోతుంటాయి. ‘వినొచ్చా’ అన్నది ఒకటి, ‘బాగుందా’ అన్నది ఇంకొకటి.

మొదటి ప్రశ్న మీద ఉలమాల్లో భేదం పాతదే. పండుగ రోజు హజ్రత్ ఆయిషా ఇంట్లో ఇద్దరు బాలికలు పాడుతుంటే అబూబకర్ వారించబోయారు, ప్రవక్త గారు వదిలేయమన్నారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దాని నుంచి ఎంతవరకు అనుమతి తీసుకోవాలన్న దగ్గర దారులు వేరవుతాయి. కొందరు దఫ్ వరకే అంటారు, మిగతా వాయిద్యాలు వద్దంటారు. చిష్తీ సిల్సిలాలో సమా అనే పేరుతో ఖవ్వాలీకి చోటు ఉంది. ఇమాం గజాలీ ‘ఇహ్యా’లో సమా మీద ఒక భాగమే రాశారు. సమాకు సమయం, చోటు, తోటివాళ్లు మూడూ సరిగా ఉండాలన్న జునైద్ బగ్దాదీ మాట అందులో కనిపిస్తుంది.

ఆ మూడూ వాట్సాప్‌కు కూడా పనికొస్తాయి. నమాజు వేళకు పాట పంపకపోవడం, మయ్యత్ ఇంటివాళ్లున్న గ్రూపులో హుషారు పాట పెట్టకపోవడం, ఎదుటివాళ్ల ఇంటి పద్ధతి చూసి పంపడం. వాయిద్యాలు వద్దనుకునే చిచ్చాకు మాహెర్ జైన్ 2009 ఆల్బమ్ ‘థ్యాంక్ యూ అల్లాహ్’ వినిపించాలంటే దాని పెర్కషన్ వెర్షన్ వేరే దొరుకుతుంది. ఆయన వినను అంటే అది ఆయన నిర్ణయం. అలాగే వినే పిల్లను నలుగురిలో తిడితే ఆమె వినడం మానదు, చెప్పడం మానేస్తుంది. తర్వాత ఏం వింటోందో ఇంట్లో ఎవరికీ తెలియదు. సందేహం ఉంటే తమకు నమ్మకమున్న ఆలింను అడగాలి, గ్రూపులో ఫత్వాలు ఇచ్చుకోవడం కాదు.

పాటగాడి లెక్క కూడా ఉంది

స్పాటిఫైలో ఒక పాటను కనీసం 30 సెకన్లు వింటేనే ఒక ప్లేగా లెక్కవుతుంది. 2024 నుంచి, ఏడాదిలో వెయ్యి ప్లేలు దాటని పాటకు అక్కడ డబ్బులు రావు. ఏఆర్ రెహమాన్‌కు ఇది లెక్కలోకి రాదు. చిన్న ఊరి నుంచి నాత్ రికార్డు చేసి పెట్టే కుర్రాడికి మాత్రం ఆ వెయ్యే పెద్ద గోడ. పాటను డౌన్‌లోడ్ చేసి ఫైల్‌గా పంపితే అతని ఖాతాలో ఒక్కటీ పడదు. లింకు పంపి, కింద రెండు వాక్యాలు రాస్తే పడుతుంది.

ఆ రెండు వాక్యాలు ఎలా ఉండాలి? ఎవరి పాట, ఏ ఆల్బమ్. ఏ చోట మనసు ఆగింది, ఏ మాట అర్థం కాలేదు. ముఖ్యంగా ఆ చివరిది రాయడానికి సిగ్గుపడొద్దు. ‘ఈ మాటకు అర్థం ఏంటి దాదీ?’ అని రాసిన చోట జవాబు ఇవ్వడానికి ఇంట్లో ఇప్పటికైతే ఒకరున్నారు.