కారంపూడి వీరుల గుడి

పల్నాటి సీమలో నాగులేటి యొడ్డున కారంపూడి యను గ్రామము కలదు. పూర్వగ్రంథములలో దీనిపేరు కార్యమపూడి. 12వ శతాబ్ది చివరిభాగమున పల్నాటి యుద్ధము జరిగిన రణరంగ మిదియే. ఆ యుద్ధమునకు ఇచ్చట స్మారకముగా నిలిచినది విజయస్తంభము కాదు, వీరుల గుడి. అందు లింగాకృతి గల శిలలు కలవు. అవి నేలకొరిగిన వీరుల రూపములని జనుల విశ్వాసము.

కథ విద్యార్థు లెరిగినదే. గురజాల నేలిన నలగామరాజు, మాచెర్ల నేలిన మలిదేవుడు ఒకే తండ్రి బిడ్డలు. ఒకరికి నాయకురాలు నాగమ్మ, వేరొకరికి బ్రహ్మనాయుడు మంత్రులైరి. కోడిపోరులో నోడిన మాచెర్లవారు ఏడేండ్లు వనవాస మేగిరి. గడువు తీరినపిదప రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగమునకు బలియయ్యెను. అతడు నలగామరాజునకు స్వయముగా అల్లుడు. అంతటితో సంధిమార్గము మూసికొనిపోయెను. ఇరుపక్షముల యోధులును కూలిరి. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలమున ప్రవేశించెనని ఐతిహ్యము. ఈ పోరున వెలనాటి చోడుల బలము క్షీణించి, కాకతీయులకు తీరాంధ్రమున దారి సుగమమైనదని చరిత్రకారుల యభిప్రాయము.

శాసనములకంటె ఈ వృత్తాంతమును బ్రతికించినది పాట. మాలలలో వీరవిద్యావంతులను గాయకులు దీనిని తరతరములుగా పాడుచు వచ్చిరి. 15వ శతాబ్దిలో శ్రీనాథుడు దీనిని ద్విపదగా రచించెను. అందు లభించిన భాగమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. గాయకుడు ఆలిసెట్టి గాలెయ్య పాడిన కథను ఆధారముగా గొని జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు 1982లో ఆంగ్లమున గ్రంథము వెలువరించెను. రాజాస్థానములు మరచినను పాటగాడు మరువలేదు.

ఏటేట కార్తిక బహుళ అమావాస్య మొదలు ఐదు దినములు ఇచ్చట వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరుల ఆయుధములగు కొణతములను భక్తులు ఊరేగించి పూజింతురు. బ్రహ్మనాయుడు కులభేద మెంచక ఒకే చాపపై అందరిని కూర్చుండబెట్టి భోజనము పెట్టించెననుటకు గుర్తుగా చాపకూడు నేటికిని నడచుచున్నది. మాల కులజుడగు కన్నమదాసును ఆయన కుమారునిగా స్వీకరించి సేనాపతిని జేసెనని కథ. ఎనిమిది శతాబ్దుల నాటి యీ మాట యొక యూరి పండుగలో నిలిచియుండుట సామాన్యము కాదు.

గమనింపదగిన విషయ మొకటి కలదు. కథలో కోడిపోరు ముందు, రాయబారము వెనుక. పండుగలోనో, రాయబారమే ముందు వచ్చును. ఈ క్రమమునకు కారణమేదైనను, పోరునకు ముందు మాటకొక దినము కేటాయింపబడినది. ఆ మాట విఫలమగునని పాడువానికిని తెలియును, వినువానికిని తెలియును. అయినను ఏటేట ఆ దినమును విడువక జరుపుదురు.

చరిత్ర పాఠమున "గెలిచిన దెవరు?" అని యడుగుట వాడుక. కారంపూడి కా ప్రశ్న పొసగదు. దాయాదుల పోరులో మిగిలినది ఈ శిలలును, ఆ పాటయును, ఆ చాపయును మాత్రమే. ఉపాధ్యాయులు బాలురను ఆ గుడికి గొనిపోయినపుడు కత్తులతోపాటు చాపను గూర్చియు చెప్పినచో పాఠము పూర్తియగును.